మూడు వేళ్ళ కొలత

ఏ సందు కనబడినా ఆమె కుడిచేతి మూడు వేళ్ళు దగ్గరకు చేరేవి. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు. మూడూ అంటుకుని, చదునుగా, ఆ సందులోకి వెళ్ళి చూసి వచ్చేవి. కిటికీ రెక్కకీ చట్రానికీ మధ్య. మందుల షాపులో బల్లకీ గోడకీ మధ్య. బస్సులో ముందు సీటుకీ ఇనుప కమ్మీకీ మధ్య. పట్టాయా, లేదా. అంతే. పట్టినా పట్టకపోయినా ముఖంలో మార్పు ఉండేది కాదు. చెయ్యి వెనక్కి వచ్చి ఒళ్ళో పడుకునేది.

"ఆ బల్ల గుడ్లు పెట్టదులేవే, వదిలెయ్," అనేవాడు భర్త, పక్కనుంటే.

వీధిలో ఆమెను గుడ్లత్త అంటారు. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే అంటారు. ఇంటి వెనక కోళ్ళ షెడ్డు ఉంది. భర్త వడ్రంగి. పెళ్ళికి ముందే తన చేత్తో కట్టాడు. లోపల కోళ్ళు కూర్చోవడానికి నాలుగు అడ్డకర్రలు, కర్రకి పది కోళ్ళు. కింద పరిచే రంపపుపొట్టు అతని పనిచోటు నుంచే వస్తుంది. వేసవిలో కోళ్ళు పెరటంతా తిరుగుతాయి గనక ఎన్నున్నా ఫరవాలేదు. చలికాలంలో తలుపు మూసి ఉంచాలి. అప్పుడు నలభై. నలభై ఒకటో దానికి చోటు లేదు.

అందుకని ఏటా చలి ముదరకముందు ఒక పని ఉండేది. ఆ పనికి ఇంట్లో ఎవరూ పేరు పెట్టలేదు. "కోళ్ళు చూడాలి" అనేవాళ్ళు.

చూడటమంటే ఇది. కోడి తోక కింద, గుడ్డు వచ్చే దారికి రెండు పక్కలా, రెండు సన్నటి ఎముకలు ఉంటాయి. పెట్టే కోడికి అవి ఎడంగా ఉంటాయి, వేళ్ళకి మెత్తగా తగులుతాయి. ఆగిపోయిన కోడికి దగ్గరకు వచ్చేస్తాయి. కోడిని ఎడమ చంకలో తల వెనక్కి పెట్టి ఇరికించుకుని, కుడిచేతి వేళ్ళు ఆ ఎముకల మధ్య ఆనించి చూడాలి. మూడు వేళ్ళు పడితే ఉంటుంది. రెండే పడితే వెళ్తుంది.

అత్తగారు నేర్పిన పని. అత్తగారు మాటలు తక్కువ మనిషి. కోడలు కొత్తగా వచ్చిన రోజుల్లో షెడ్డు దగ్గరకు తీసుకెళ్ళి, గుమ్మం పక్క కర్రలో ఉలితో చెక్కిన ఒక గాడిని చూపించింది. "వేళ్ళు పెట్టు," అంది. కోడలి మూడు వేళ్ళు అందులో సరిగ్గా కూర్చున్నాయి, ఇటు వెంట్రుక లేదు, అటు వెంట్రుక లేదు. అత్తగారు తల ఊపి, షెడ్డు తాళంచెవి చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో అంతకు మించి స్వాగతం ఆమెకు గుర్తు లేదు. ఆ తర్వాత ఆ గాడిలో వేళ్ళు పెట్టాల్సిన అవసరం రాలేదు. కొలత చేతిలోనే ఉంది కదా.

ముప్పై ఒక్కేళ్ళు అలా గడిచాయి. అత్తగారు పోయింది. కొడుకు పెరిగి బస్సు నడుపుతున్నాడు, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇప్పుడు ఆమెకే కోడలుంది. ఆ పిల్ల ఇంటికి వచ్చిన మొదటి ఏడు, కోళ్ళు చూసే రోజున, ఒక చుక్కల పెట్ట వెళ్ళేవాటి గూట్లో పడిందని ఏడ్చింది.

"నేను చెప్పడం లేదమ్మా," అంది గుడ్లత్త. "వేళ్ళు చెప్తున్నాయి."

అది ఆమె దాచుకున్న మాట కాదు, నమ్మిన మాట. మాంసం కొట్టాయన తోపుడుబండి తెచ్చి గూళ్ళు ఎత్తుకుపోతుంటే ఆమె గుమ్మంలో నిలబడేది కాదు. లోపలికొచ్చి చేతులు కడుక్కునేది. ఆ రాత్రి మామూలుగానే నిద్రపోయేది. ఎవరు ఉండాలో, ఎవరు వెళ్ళాలో తను అనలేదు. తనకు తెలిసిన ఒక కొలత అంది. కొలతకి ఇష్టాయిష్టాలు ఉండవు.

మూడు నాలుగేళ్ళుగా ఒక తేడా కనిపిస్తూ వచ్చింది. రెండు వేళ్ళ కోళ్ళు ఎక్కువవుతున్నాయి. నిన్నటిదాకా బాగా పెట్టినవి కూడా. మొదట దాణాను అనుమానించింది. దాణా కొట్టుకి వెళ్ళి గుప్పెడు గింజలు బల్ల మీద పోసి, "ఇందులో సగం పొట్టే. నా కోళ్ళు రెండేళ్ళకే ముసలివైపోతున్నాయి," అంది.

"కోడిగుడ్డు మీద ఈకలు పీకకత్తా," అన్నాడు కొట్టతను. "ఊళ్ళో అందరి కోళ్ళూ తింటున్నాయి. నీవొక్కటే ముసలివవుతున్నాయా?"

"నా కోళ్ళేమన్నా బడికెళ్తున్నాయా ఏంటి, అందరితో పోల్చడానికి!" అని వచ్చేసింది. దాణా మార్చింది. తేడా పోలేదు. తర్వాత కోళ్ళ జాతిని అనుమానించింది. కోడిపిల్లల్ని వేరే చోట నుంచి తెప్పించింది. తేడా పోలేదు. పోయిన చలికాలంలో ఉంగరం వేలికి బిగుసుకుపోయి రక్తం ఆడకపోతే, కంసాలి దగ్గరకు వెళ్ళి కోయించుకుంది. "కణుపులు వాచాయమ్మా, ఈ వయసులో మామూలే," అన్నాడతను. అప్పుడు కూడా ఆమెకు తట్టలేదు. కోళ్ళు ఒకటి, ఉంగరం ఇంకొకటి.

ఈ ఏడు ముప్పై నాలుగు పాత కోళ్ళు ఉన్నాయి. కొత్త పెట్టలు ఇరవై రెండు. వాటిని కోడలు వంటింట్లో పొయ్యి పక్కన అట్టపెట్టెలో పెంచింది, పిల్లలుగా ఉన్నప్పటి నుంచి. ఒక్కటి కూడా చావనివ్వలేదు. అవి ఇంకో వారం పది రోజుల్లో గుడ్లు మొదలుపెడతాయి. పగలు తగ్గే రోజుల్లో పాతవి మందగించినా కొత్తవి పెడుతూ ఉంటాయి గనక చలికాలమంతా ఇల్లు వాటి మీదే నడుస్తుంది. వాటికి ఇరవై రెండు చోట్లు పోతే పాతవాటికి మిగిలేది పద్దెనిమిది.

సోమవారం సాయంత్రం ఆమె చూడటం మొదలుపెట్టింది. మొదటి వరసలో అయిదింటికి రెండే వేళ్ళు పట్టాయి. మాంసం కొట్టాయన వచ్చి ఆ అయిదూ తీసుకెళ్ళాడు. మిగతావి మర్నాడు చూద్దామనుకుంది.

మంగళవారం మధ్యాహ్నం కొట్టాయన మళ్ళీ వచ్చాడు. బండి లేదు. చేతిలో మూత పెట్టిన గిన్నె. పెరటి గేటు దగ్గరే నిలబడి మూత తీశాడు.

గిన్నెలో పచ్చసొన ఉండలు ఉన్నాయి. పెద్దది రేగుపండంత. దాని వెనక ఇంకాస్త చిన్నది, ఇంకా చిన్నది, ఆవగింజంత దాకా. అలాంటి సరాలు నాలుగు. పక్కన పెంకు గట్టిపడిన గుడ్డు ఒకటి, కడిగి తుడిచి పెట్టాడు.

ఆమె వంగి చూసింది. "ఎవరివివి?"

"నీవేనత్తా. నిన్నటి అయిదింట్లో నాలుగింటివి."

"నా కోళ్ళు కావు. ఇంకెవరివో కలిసిపోయుంటాయి."

"నిన్న నీ దగ్గర తప్ప ఎవరి దగ్గరా తీసుకోలేదు." అతను మూత పెట్టబోయి ఆగాడు. "నాకేం ఇబ్బంది లేదు. లోపల ఇవి ఉంటే కొనేవాళ్ళకి ఇంకా ఇష్టం. నువ్వెప్పుడూ ఆగిపోయినవే ఇస్తానంటావు కదా, ఓ మాట చెప్పి పోదామని వచ్చా."

"ఇదివరకు కూడా ఉండేవా?"

అతను ఆలోచించాడు. అబద్ధం చెప్పడానికి కాదు, లెక్క గుర్తు తెచ్చుకోవడానికి. "పోయినేడు చాలావాటిలో ఉన్నాయి. అంతకుముందేడు కొన్నిట్లో. నువ్వు తెలిసే ఇస్తున్నావనుకున్నానత్తా."

అతను వెళ్ళిపోయాక ఆమె పెరట్లో కదలకుండా నిలబడింది. కోళ్ళు కాళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి, దాణా వేళయిందనుకుని. భర్త అరుగు మీద కుర్చీ కాలికి మేకు కొడుతూ అంతా విన్నాడు. సుత్తి కింద పెట్టాడు.

"ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు," అన్నాడు.

"ఎందుకు?"

"నా టేపు తప్పు చెప్తే నేను కుర్చీని తిట్టను. టేపు చూస్తా."

ఆమె చెయ్యి ఇవ్వలేదు. షెడ్డు గుమ్మం దగ్గరకు నడిచింది. ముప్పై ఒక్కేళ్ళ సున్నం కింద గాడి సగం పూడిపోయి ఉంది. గోటితో గీకింది. భర్త ఉలి తెచ్చి, పాత అంచు చెడకుండా, పూడిక మాత్రం తీశాడు. ఆమె మూడు వేళ్ళు దగ్గరకు చేర్చి గాడిలో పెట్టింది.

పట్టలేదు.

ఒక వేలు తీసేసింది. రెండు వేళ్ళు పట్టాయి. ఇటు వెంట్రుక లేదు, అటు వెంట్రుక లేదు.

భర్త టేపు తెచ్చి గాడి వెడల్పు కొలిచాడు. 

ఆ సాయంత్రం ఆమె వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు తోమింది. తోమిన గిన్నెలు మళ్ళీ తోమింది. పోయినేడు వెళ్ళినవి ఎన్ని? పందొమ్మిదో ఇరవయ్యో. అంతకుముందేడు? వాటిలో ఎన్ని పెడుతున్నవి? వేళ్ళు ఏ రోజున వాచాయో ఎవరు చెప్పగలరు? ఒక ఉదయాన నిద్ర లేచేసరికి వాచలేదు కదా. ఏడాదికి ఒక నూలుపోగంత. దాణా కొట్టతన్ని అన్న మాటలు గుర్తొచ్చాయి. చుక్కల పెట్ట గుర్తొచ్చింది. దాని సంగతి సరిగానే చెప్పి ఉంటాయి వేళ్ళు, అప్పటికింకా మంచివే కదా, అనుకుంది. తర్వాత ఆ అనుకోవడం కూడా నమ్మబుద్ధి కాలేదు.

బుధవారం పొద్దున భర్త ఒక చెక్కముక్క తెచ్చి ఇచ్చాడు. గాడి వెడల్పుకి కోసి, అంచులు గుండ్రంగా చేసి, కోడికి గుచ్చుకోకుండా నున్నగా రుద్దాడు. "మా అమ్మ వేళ్ళు," అన్నాడు. "వీటికి వాపు రాదు."

అత్తా కోడళ్ళు ఇద్దరూ కలిసి ఇరవై తొమ్మిదింటినీ మళ్ళీ చూశారు. అత్త పట్టుకుంది, కోడలు కొలిచింది. చెక్క ఇరవై ఆరింటికి పట్టింది. మూడింటికి పట్టలేదు.

"మూడేనా?" అంది గుడ్లత్త.

"మూడే అత్తయ్యా." ఆ పిల్ల గొంతులో సంతోషం. మరుక్షణం లెక్క అర్థమై ఆ సంతోషం ఆగిపోయింది. ఇరవై ఆరూ ఇరవై రెండూ నలభై ఎనిమిది. చోట్లు నలభై.

ఎనిమిది. ఎనిమిది పెట్టే కోళ్ళు. ఈసారి వేళ్ళు ఏమీ చెప్పవు. చెక్క కూడా చెప్పదు. దాని పని అయిపోయింది.

"ఇంకో కర్ర వేసిస్తా," అన్నాడు భర్త. "ఎంతసేపు పని?"

"కర్ర వేస్తారు. గాలి ఎక్కణ్ణుంచి తెస్తారు?" అంది గుడ్లత్త. ఆమె కాపురానికి వచ్చిన మూడో ఏడు అత్తగారికి కూడా మనసు ఒప్పక యాభై రెండింటిని ఆ షెడ్డులోనే మూసింది. లోపల గోడలు చెమ్మ పట్టి నీళ్ళు కారాయి. మొదట ఒకటి దగ్గింది. చలి విరిగేసరికి పందొమ్మిది పోయాయి. కొలిచినవీ కొలవనివీ, పాతవీ కొత్తవీ. ఆ గాడి చెక్కింది ఆ తర్వాత కాదు, అంతకు ముందే. గాడి ఉండి కూడా మనసు మాట విన్నందుకు అత్తగారు తనని తాను క్షమించుకోలేదు.

"ఎవరికన్నా ఇచ్చేద్దాం అత్తయ్యా," అంది కోడలు. "పెట్టే కోళ్ళంటే ఎవరికి చేదు?"

"అడిగి చూడు."

కోడలు వీధిలో ఆరిళ్ళు తిరిగి వచ్చింది. "గుడ్లు కావాలంట. కోళ్ళు వద్దంట," అంది కుర్చీలో కూలబడుతూ. "మూల ఇంటావిడైతే, కోడి ఎందుకమ్మా, మీ అత్త ఉందిగా అంది."

భర్త నవ్వాడు. గుడ్లత్త కూడా కొంచెం నవ్వింది, రెండు రోజుల్లో మొదటిసారి.

"అయితే చీటీలెయ్యి," అన్నాడు భర్త. "ఎవరి పాపమూ ఉండదు."

"చీటీకేం తెలుసు?"

"ఏం తెలీదు. అందుకేగా వెయ్యమంటున్నా."

 ముప్పై ఒక్కేళ్ళు తను చేసింది కూడా అదేనేమో అనిపించింది ఆమెకు. వేళ్ళని ముందుకు తోసి తను వెనక నిలబడటం. కొలత నిజమైనన్నాళ్ళు వెనక నిలబడ్డా నిజమే. కొలత అబద్ధమైనప్పుడు కూడా ఆమె అదే చోట నిలబడింది, అదే హాయిగా.

"వద్దు," అంది. "నేనే చెప్తా."

సాయంత్రం వెలుగు ఉండగానే షెడ్డులోకి వెళ్ళి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. కోళ్ళు ఒక్కొక్కటే కర్రలెక్కుతున్నాయి. కోడలు గుమ్మంలో నిలబడింది. గుడ్లత్త ఒక్కొక్కదాన్నీ తీసి, తోక కింద కాదు, రొమ్ము మీద చెయ్యి పెట్టింది. రొమ్ముకి మధ్యలో ఎముక ఉంటుంది. కొన్నిటికి దాని రెండు పక్కలా కండ నిండుగా ఉంది. కొన్నిటికి ఎముక ఒక్కటే, చీపురుపుల్లలా చేతికి తగిలింది. అలాంటివాటి కాళ్ళు చూసింది. పసుపు రంగు పూర్తిగా పోయి పాలిపోయి ఉన్నాయి. ఈకలు కూడా సరిగ్గా లేవు. తిన్నదంతా గుడ్డులోకే పోయినవి. ఒంటికంటూ ఏమీ మిగుల్చుకోనివి.

వాటిని గూట్లో పెట్టింది. ఒకటి, రెండు, మూడు.

"అత్తయ్యా," అంది కోడలు, అయిదోదాని దగ్గర. "ఇవి అన్నిటికంటే ఎక్కువ పెట్టినవి కదూ?"

"అవును."

"ఆ నిగనిగలాడేవి ఉంటాయి, ఇవి పోతాయా?"

"వీటి ఒంట్లో ఏం లేదమ్మా. చలికి ఆగవు. మధ్యలో పోతే పోయేదాకా వణకాలి."

"అన్యాయం కదా."

గుడ్లత్త ఆరోదాన్ని తీసింది. దాని గుండె ఆమె అరచేతి కింద గబగబా కొట్టుకుంది. "అన్యాయమే," అంది.

 కోడలు లోపలికి వచ్చి, ఏడోదాన్ని తనే పట్టుకుని అందించింది. ఎనిమిదోది కూడా. తర్వాత ఆగిపోయిన మూడింటినీ వేరే గూట్లో పెట్టారు. కర్రల మీద పద్దెనిమిది మిగిలాయి. చోటు మిగిలినా ఏదో తక్కువైనట్టు, అవి ఒకదానికొకటి జరిగి దగ్గరగా కూర్చున్నాయి.

మర్నాడు పొద్దున కొట్టాయన బండితో వచ్చాడు. గుడ్లత్త గుమ్మంలో నిలబడి ఉంది, స్వెట్టరు గుండీలు పెట్టుకుని.

"ఈ గూట్లో మూడు ఆగిపోయినవి," అంది. "ఆ గూట్లో ఎనిమిదీ పెడుతున్నవి. తెలిసే ఇస్తున్నా."

"సరే అత్తా."

"నేనూ వస్తున్నా."

అతను ఆమె వంక చూసి, గూళ్ళు ఎత్తి పెట్టుకుని బండి తోశాడు. ఆమె పక్కన నడిచింది. ఇన్నేళ్ళలో ఆ కొట్టు ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళిందో. లోపల అడుగు పెట్టలేదు. వీధి మలుపు తిరిగాక గూట్లో ఒక పెట్ట గొంతు మార్చింది. ఇద్దరికీ ఆ గొంతు తెలుసు. కొట్టు ముందు బండి ఆపేసరికి గూటి మూలలో గుడ్డు ఉంది.

కొట్టాయన దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది. "దీన్ని తీసుకుపో అత్తా," అన్నాడు, పెట్ట వైపు చూపిస్తూ. "ఒక్కదానికి నీ షెడ్డు ఇరుకైపోదు."

ఆమె చెయ్యి గూటి తలుపు దాకా వెళ్ళింది. ఆ తలుపు మీదే ఆగింది. ఇది పొద్దున ఎనిమిది గంటలకే పెట్టేసింది. మిగతా ఏడూ కూడా పెట్టేవే, తొమ్మిదింటికో, మధ్యాహ్నానికో. వాటి వేళ ఇంకా రాలేదు, అంతే. ముందు పెట్టినందుకు దీన్ని తీసుకెళ్తే, ఆలస్యంగా పెట్టేవాటికి ఏం చెప్పాలి?

"వద్దు," అంది. గుడ్డు అతనికి తిరిగి ఇచ్చేసింది. "కోడి నీదైతే గుడ్డూ నీదే."

లోపల గోడ వారగా బల్ల ఉంది, కొనడానికి వచ్చేవాళ్ళు కూర్చునేది. దాని చివర కూర్చుంది. అప్పటికే సంచి పట్టుకుని ఒకావిడ వచ్చి ఉంది. ఆవిడ గుడ్లత్తను గుర్తుపట్టి జరిగి చోటిచ్చింది.

"నువ్వు కూడా మాంసానికేనా వదినా?" అంది. తర్వాత గూళ్ళు చూసి, "ఓహో, నీవేనా. ముసలివా?"

"కాదు," అంది గుడ్లత్త. "ఇవాళ కూడా పెట్టేవే."

ఆవిడ సంచి ఒళ్ళోకి లాక్కుంది. కొట్టాయన మొదటిదాన్ని తీశాడు. గుడ్లత్త చూపు తిప్పుకోలేదు. అతని చేతులు త్వరగా పని చేశాయి, కోడి విలవిల్లాడలేదు. అది ఆమెకు తెలియని సంగతి. దానికి అతనికి కృతజ్ఞత చెప్పుకోవాలని కూడా ఇన్నేళ్ళూ తెలియలేదు.

ఎనిమిదోదీ, ఆ మూడూ కూడా అయ్యేదాకా కూర్చుంది. తర్వాత లేచి, ఖాళీ గూళ్ళు రెండూ కుళాయి కిందికి లాక్కెళ్ళి, ఊచల మధ్య ఇరుక్కున్న ఈకలు ఒక్కొక్కటే తీసి, కడిగి, నీళ్ళు వంచి, చెరో చేత్తో పట్టుకుని ఇంటికి నడిచింది. కొత్త పెట్టలకు దాణా వేసే వేళయింది.